మేము, మనము, నేను: దుర్లోక నవలలలో వ్యక్తి

పోర్టుబ్లేరు పట్టణానికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చినారు. ఆ పట్టణంలో విమానాశ్రయానికి చేరువగా లంబాలైన్ అనే పేట ఉన్నది. అక్కడ ఒక యింటి వసారాలో నెలకొకమారు పదిమంది తెలుగువారము కూడుకొని, ఎవరో ఒకరు తెచ్చిన పుస్తకం చదువుకొని, మంచిచెడ్డలు మాట్లాడుకోవడం అలవాటు. ఒక సాయంకాలం ఆ వంతు నాకు వచ్చినది. రష్యను రచయిత ఎవ్గేని జమ్యాతిన్ నవలలో కొన్ని ఘట్టాలను ఇంగ్లీషునుండి తెనిగించి తీసుకొని పోయినాను. ఆ నవలకు పేరు ఒక్క సర్వనామం మాత్రమే: ఉత్తమపురుష బహువచనం. "పేరింకా స్థిరపడలేదు. 'మేము' అందామా, 'మనము' అందామా అని ఆలోచిస్తున్నాను" అని చెప్పి చదవబోయినాను. ఆ యింటి పెద్దావిడ, శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డు గ్రామంనుండి కాపురానికి వచ్చి ఇక్కడే ముసలిదైన మనిషి, చాటలోని బియ్యం ఏరుతూ తల యెత్తినది. "మేవా, మనవా? ముందది తేల్చు బాబూ. రెండూ ఒకటి గావు గదా" అన్నది.

రెండూ ఒకటి కావు. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, కనుకనే దానిని గురించి మనము ఆలోచించము. 'మేము' అన్నపుడు ఎదుట నిలబడి వింటున్నవాడు బయటనే ఉంటాడు. 'మనము' అన్నపుడు వాడు లోపలికి వచ్చినాడు. తమిళంలో 'నాంగళ్', 'నామ్' అని ఇట్టి భేదమే ఉన్నది. రష్యనులోను ఇంగ్లీషులోను ఈ రెండింటికి మాట ఒక్కటే. అండమానులలో బెంగాలీలు, తమిళులు, తెలుగువారు, మలయాళీలు ఒకరితో నొకరు మాట్లాడుకొనే హిందీలో కూడా 'హమ్' అంటే మేము కావచ్చును, మనము కావచ్చును. తూర్పు ప్రాంతాల వాడుకలో నేను కూడా కావచ్చును. 2011 జనాభా లెక్కలనాటికి ఈ ద్వీపాలలోని 3,80,581 మందిలో సుమారు 50 వేలమందికి మాతృభాష తెలుగు. వారి పిల్లలు బడిలో రోజంతా 'హమ్' అని, ఇంటికి వచ్చిన తరువాత ఆ ఒక్క మాటను మరల రెండుగా విడదీసుకొంటారు. జమ్యాతిన్ నవలను తెలుగు చేయబూనినవాడు మొదటి పుటలోనే ఎదుర్కొనవలసినది కూడా ఈ విభజననే. దీనిని వ్యాకరణ విషయమని తోసివేయవచ్చును. కాని ఆ కోవకు చెందిన నవలలన్నింటి ఆంతర్యం ఈ చిన్న భేదంలో ఇమిడి ఉన్నదని నాకు తోచినది. ఆ తోచిన విధమును వివరించుటకే ఈ వ్యాసం.

పాశ్చాత్యులు డిస్టోపియా అని పిలిచే కల్పనలను మనము దుర్లోక కల్పనలు అనుకొందాము. వీటికి తల్లి ఆదర్శలోక కల్పన. సర్ థామస్ మోర్ 1516లో తన 'యుటోపియా'ను ప్రకటించినాడు. ఆ ఆదర్శలోకం ఒక ద్వీపం. దానిని స్థాపించిన రాజు మొదట చేసిన పని, ప్రధాన భూభాగంతో కలిపియున్న నేలను త్రవ్వించి సముద్రమును మధ్యకు తెప్పించుట. అక్కడ 54 పట్టణాలు ఉన్నవి. వాటి భాష, ఆచారం, నిర్మాణం సమస్తం ఒక్కటే. ప్రజలు ధరించే బట్టల తీరు ఒక్కటే. మోర్ పేదల ఆకలిని, ధనికుల దురాశను చూచి బాధపడి ఆ లోకమును ఊహించినాడు. అందులో సందేహం లేదు. అయినను అందరికీ అన్నం సమానంగా పెట్టడానికి అందరినీ సమానంగా కత్తిరించనక్కర లేదన్న విచారణ ఆ గ్రంథంలో కనబడదు. ఇరువదవ శతాబ్ది రచయితలు పట్టుకొన్నది ఈ లోపమునే. వారి దుర్లోకాలలో అన్నం ఉన్నది, ఉద్యోగం ఉన్నది, తరచుగా ఆనందం కూడా ఉన్నది. లేనివాడు మనిషి ఒక్కడే.

జమ్యాతిన్ వృత్తిచేత నౌకా ఇంజనీరు. మంచును చీల్చుకొని పోయే ఓడల నిర్మాణమును పర్యవేక్షించుటకై 1916-17లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఉన్నాడు. రష్యాకు తిరిగివచ్చిన తరువాత 1920-21లో ఈ నవలను వ్రాసినాడు. స్వదేశంలో అచ్చుకు అనుమతి దొరకలేదు. 1924లో న్యూయార్కులో ఇంగ్లీషు అనువాదంగా వెలువడినది. రచయిత 1937లో పారిస్‌లో కన్నుమూసినాడు. సోవియట్ దేశంలో ఆ గ్రంథం వెలుగు చూచినది 1988లో.

ఆ నవలలోని ఏకరాజ్యంలో మనుషులకు పేర్లు లేవు. అక్షరమూ అంకెలూ ఉంటవి. కథ చెప్పేవాడు డి-503. ఇళ్ళ గోడలు గాజువి. కాలపట్టిక ప్రకారం అందరూ ఒకే నిమిషంలో లేస్తారు, ఒకే నిమిషంలో చెంచా యెత్తుతారు. ముద్దకు యాభై నములుళ్ళు అని కూడ నియమం. నగరం చుట్టూ ఆకుపచ్చని గోడ. గోడకు అవతల అడవి. ఇతర గ్రహాలవారికి కూడ ఈ గణితసౌఖ్యమును అందించుటకు డి-503 ఒక నౌకను నిర్మిస్తూ, వారికోసమే ఈ దినచర్యను వ్రాస్తున్నాడు. వ్రాయడంలోనే ప్రమాదం వచ్చి పడినది. రాజ్యమును స్తుతించుటకు కలం పట్టినవాడు, తాను చూచినదానిని చూచినట్లు వ్రాయవలసి వచ్చేసరికి, తనకొక 'నేను' ఉన్నదని కనుగొన్నాడు. వైద్యుడు పరీక్షించి, నీకు ఆత్మ ఏర్పడినది, ఇది కష్టసాధ్యమైన వ్యాధి అని చెప్పుతాడు. చివరకు ఊహాశక్తిని తొలగించే శస్త్రచికిత్స జరుగుతుంది. ఆ తరువాత డి-503 తాను ప్రేమించిన స్త్రీని హింసిస్తూ ఉండగా ప్రశాంతంగా కూర్చొని చూస్తాడు. చివరి పుటలలోని వాక్యాలు ఎంతో స్పష్టంగా, తడబాటు లేకుండా ఉంటవి. ఆ స్పష్టతయే ఆ నవలలో అన్నింటికంటె భయంకరమైనది.

ఈ నవల రష్యాలో వ్రాతప్రతిగా తిరుగుతున్న ఆ సంవత్సరాలలోనే, దానితో ఏ సంబంధమూ లేకుండా, రవీంద్రనాథ టాగూరు 'రక్తకరబి' నాటకమును వ్రాసినాడు. 1924లో అది ప్రవాసి పత్రికలో వెలువడినది, 1926లో పుస్తకమైనది. యక్షపురిలో భూగర్భమునుండి బంగారమును త్రవ్వే కూలీలకు అంకె, అక్షరం కలిపి గుర్తులు. ఫాగులాల్ 47 ఫ. విశు 69 ఙ. రాజు వల వెనుక కనబడకుండా ఉంటాడు. ఒకడు విప్లవానంతర రష్యాలో, మరొకడు పరాయి ప్రభుత్వం క్రింద ఉన్న బెంగాలులో, మనిషి మాయమవుతున్నాడని చెప్పుటకు ఒకే చిహ్నమును ఎన్నుకొన్నారు. ఇది కేవలం కాకతాళీయమని తోచదు. కర్మాగారం, సైన్యం, జైలు: ఈ మూడును ఆ నాటికి లోకమంతటా మనిషిని అంకెగా వ్రాసుకోవడం నేర్చుకొన్నవి. అయితే టాగూరు ముగింపు వేరు. అక్కడ రాజే తన వల వెలుపలికి వచ్చి, తన ధ్వజమును తాను విరిచి, తన యంత్రాంగంమీద తానే తిరగబడతాడు. ఆ యంత్రం తననుకూడ మ్రింగినదని అతడు గ్రహించినాడు. ఈ గ్రహింపు పాశ్చాత్య దుర్లోకాలలోని ప్రభువులకు రాదు.

ఆల్డస్ హక్స్లీ 1932లో ప్రకటించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో భయపెట్టుటతో పనిలేదు. ఒక్క అండమునుండి 96 మంది వరకు ఒకే రూపం గల కవలలను సీసాలలో పెంచుతారు. నిద్రలో చెవిలో నూరిపోసిన సూక్తులు మేలుకొన్నాక సొంత అభిప్రాయాలవలె నోట పలుకుతవి. మనసు కలత చెందితే ఒక మాత్ర ఉన్నది. దానికి హక్స్లీ పెట్టిన పేరు సోమ, వేదంలోని సోమమే. మన ఋషుల పానీయం అక్కడ ప్రభుత్వ ఔషధమైనది. ఆ లోకంలో హెల్మ్‌హోల్ట్జ్ వాట్సన్ అనే రచయిత ఉన్నాడు. రాజ్యానికి నినాదాలు కట్టడంలో అందె వేసిన చేయి. తన చేతిలో ఇంకేదో శక్తి ఉన్నదని, దానితో చెప్పవలసినదేమో తెలియదని అతని బాధ. ఒంటరితనమును గురించి పద్యం వ్రాసి విద్యార్థులకు వినిపించినందుకు అతనిపై ఫిర్యాదు వెళ్ళినది. ఇటువంటివారిని ఆ రాజ్యం చంపదు; దూరద్వీపాలకు పంపుతుంది. తమంతట తాము ఆలోచించేవారందరూ ఆ ద్వీపాలలో పోగుపడి ఉన్నారని అధికారి చెప్పుతాడు. హెల్మ్‌హోల్ట్జ్ గాలివానలు ఎక్కువగా ఉండే ద్వీపమును కోరుకొంటాడు.

ఈ ఘట్టమును లంబాలైన్‌లో చదువుతున్నపుడు విన్నవారు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. హక్స్లీ పుస్తకం లండనులో వెలువడిన ఆ 1932లోనే ఇంగ్లీషు ప్రభుత్వం, కొంతకాలం ఆపియుంచిన రాజకీయ ఖైదీల రవాణాను తిరిగి ప్రారంభించి, విప్లవకారులను ఇక్కడి సెల్యులార్ జైలుకు పంపసాగినది. మేము కూర్చున్న వసారాకు కొలది మైళ్ళ దూరంలో, అట్లాంటా పాయింటుమీద, ఆ జైలు ఇప్పటికిని నిలిచి ఉన్నది.

దుర్లోక కల్పనలను గురించి మాట్లాడేవారు ఆ కట్టడమును ఒకసారి చూడవలెను. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టి ముగించినారు. నడుమ ఒక గోపురం, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు బారులు, మూడేసి అంతస్తులు, మొత్తం సుమారు 700 గదులు. ఇప్పుడు మూడు బారులు మాత్రమే మిగిలినవి. ఇంగ్లీషు తత్త్వవేత్త జెరెమీ బెంథాం పద్దెనిమిదవ శతాబ్ది చివర, నడుమ నిలిచిన ఒక్క కావలివాడు అందరినీ చూడగల జైలును ఊహించినాడు. ఇక్కడి గోపురం ఆ ఊహను జ్ఞప్తికి తెస్తుంది. కాని ఇక్కడ మరొక జాగ్రత్త కూడ తీసుకొన్నారు. ఒక బారులోని గది తలుపులకు ఎదురుగా రెండవ బారు వీపు మాత్రమే కనబడుతుంది. ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనబడరాదు. మెడలో చెక్కబిళ్ళ, బిళ్ళపై అంకె, శిక్షపడిన సెక్షను, తేదీ, విడుదల కావలసిన తేదీ. పగలు గానుగకు కట్టి, ఇంత నూనె తీయవలెనని లెక్క.

జమ్యాతిన్ గాజు ఇళ్ళను, ఈ రాతి గదులను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. గాజు ఇంటిలో ఒంటరితనం లేదు. కనుక 'నేను' అనుటకు చోటు లేదు. రాతి గదిలో ఒంటరితనం తప్ప మరేమియు లేదు. కనుక 'మేము' అనుటకు వీలు లేదు. రెండింటిలోను కట్టినవాని ఉద్దేశం ఒక్కటే. మనిషి తన యిష్టంతో మరొక మనిషివద్దకు పోయే దారిని మూసివేయుట. దుర్లోక నవలలను చదివి, సమూహమే వ్యక్తికి శత్రువని తేల్చుకొనే విమర్శకులు ఈ రెండవ భాగమును మరచిపోతారు.

మరి ఈ జైలులో ఏమి జరిగినది? అంకె వేసినంతమాత్రాన మనిషి అంకె కాలేదు. 1909 తరువాత ఇక్కడ ఉండి వెళ్ళిన ఉపేంద్రనాథ బందోపాధ్యాయ 1921లో బెంగాలీలో తన ప్రవాస జ్ఞాపకాలను ప్రకటిస్తూ, ఆ పుస్తకం పేరులోనే 'ఆత్మకథ' అనే మాటను నిలిపినాడు. జమ్యాతిన్ నవలకు తుదిరూపం వచ్చిన కాలం కూడ అదే. కలం, కాగితం లేక సావర్కర్ గది గోడలపై పద్యాలు గీచి కంఠస్థం చేసినాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాం మల్లుదొర ఈ ద్వీపాలలో శిక్ష అనుభవించి, తిరిగి వెళ్ళి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికైనాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడ ఇక్కడికి వచ్చినవాడే.

1933 మే నెలలో ఖైదీలు నిరాహారదీక్ష పట్టినారు. వారు అడిగినవాటిలో తినదగిన తిండితోపాటు, రాత్రివేళ దీపం, చదువుకొనుటకు పుస్తకాలు కూడ ఉన్నవి. బలవంతంగా పాలు పోయించే ప్రయత్నాల నడుమ మహావీర్ సింగ్ మొదలుగా ముగ్గురు ప్రాణాలు విడిచినారు. తుదకు దీపమూ పుస్తకాలూ వచ్చినవి. 1937 జూలైలో మరొక దీక్ష; దాని ఫలితంగా 1938 ఆరంభానికి రాజకీయ ఖైదీలు ప్రధాన భూభాగానికి తరలింపబడినారు. నిరాహారదీక్షను ఒకరి బదులు మరొకరు చేయలేరు. ఎవరి ఆకలి వారిది. ఎవరి నిశ్చయం వారిది. అయినా వేరువేరు గదులలో, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండానే, వారు 'మేము' అన్నారు. ఆ 'మేము'లో ప్రతి 'నేను' సజీవంగా ఉన్నది, ఎందుకనగా ఏ క్షణాన కావలెనన్నా వైదొలగే స్వేచ్ఛ ఒక్కొక్కరికి ఉన్నది. ఒక గ్లాసు పాలు త్రాగితే చాలును. డి-503 'మేము'కు ఇట్టి తలుపు లేదు.

జార్జి ఆర్వెల్ ఈ విషయమును మరొక దిక్కునుండి పట్టుకొన్నాడు. ఇతడు 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టినవాడు. 1922నుండి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారి. కనుక మనిషిని అంకెగా వ్రాసుకొనే యంత్రమును లోపలినుండి చూచినవాడు. జమ్యాతిన్ నవలమీద ఇతడు 1946 జనవరిలో సమీక్ష వ్రాసినాడు. చదివినది ఫ్రెంచి అనువాదం. దానికి ఫ్రెంచివారు పెట్టిన పేరు 'నూజోత్ర్'. అంటే, మీరు కాక, మేము. తమ భాషలో ఉన్న ఆ చిన్న సౌకర్యమును వినియోగించుకొని వారు 'మేము' వైపు తీర్పు చెప్పినారన్నమాట. ఆర్వెల్ స్వయంగా 1949లో ప్రకటించిన '1984' నవలలో రాజ్యం చేసే ముఖ్యమైన పని నిఘంటువును ఏటేటా చిన్నది చేయడం. ధిక్కారమును తెలిపే మాట లేకపోతే ధిక్కరించే ఊహ కూడ పుట్టదని వారి సిద్ధాంతం. విన్‌స్టన్ స్మిత్ చేసిన మొదటి నేరం దినచర్య వ్రాయబూనడం. అయిన్ రాండ్ 1938లో ప్రకటించిన 'ఏంథెం'లో ఈ తర్కం చివరి మెట్టుకు పోయినది. అక్కడ 'నేను' అనే మాటయే భాషలో లేదు. కథానాయకుడు తనను గురించి చెప్పుకొన్నా బహువచనమే. ఈ పుస్తకమును తెనిగించేవానికి ఒక చిక్కు ఉన్నది. మన రాజులు, జమీందారులు శాసనాలలో తమను తాము 'మేము' అనుకొన్నారు. ఆ బానిస నోట 'మేము' పలికిస్తే తెలుగు చెవికి అది దర్పమువలె వినబడుతుంది. 'నేను'ను పోగొట్టుకొన్నవాడు, 'నేను' ఒక్కటి చాలక పెంచుకొన్నవాడు, ఇద్దరూ ఒకే సర్వనామం వద్దకు చేరుతున్నారు. నియంతను, పౌరుడిని ఒకే త్రాట కట్టే ఈ వ్యంగ్యం తెలుగులోనే పలుకుతుంది.

ఇక్కడ ఒక శంకకు సమాధానం చెప్పవలసి ఉన్నది. అండమానులలో 'లోకల్ బార్న్' అనే జనసముదాయం ఉన్నది. 1858లో ఇక్కడ ఖైదీల వలస ఏర్పడిన తరువాత, వేరువేరు ప్రాంతాలు, కులాలు, మతాలకు చెందిన స్త్రీపురుషులు ఇక్కడనే పెండ్లాడి స్థిరపడగా కలిగిన సంతతి వారు. వారి తాతలు మోసుకొని వచ్చిన భాషలు చాలవరకు హిందీలో కలిసిపోయినవి. కులపు కట్టుబాట్లు సడలిపోయినవి. ఇది కూడ వ్యక్తిత్వ నష్టమేనా? కాదని నా అభిప్రాయం. కులం, ఊరు, ఇంటిపేరు మనకు పుట్టుకతో లభించిన గుర్తులు. వాటిని కాపాడుకొన్నవాడు వ్యక్తిత్వమును కాపాడుకొన్నాడని చెప్పలేము. వదులుకొన్నవాడు పోగొట్టుకొన్నాడనీ చెప్పలేము. తనకు తోచినదానిని తన మాటలలో చెప్పి, దాని ఫలితమును తాను భరించుటలో వ్యక్తిత్వం ఉన్నది. యక్షపురిలో పోయినది ఇదే.

అటని భాష పోతే పోయినదిలే అనుటకు కూడ వీలులేదు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు ఈ ద్వీపాలలో కన్నుమూసినది. బో అనే ప్రాచీన అండమాను భాషను మాట్లాడినవారిలో ఆమె చివరిది. ఇతరులతో ఆమె హిందీ కూడ మాట్లాడేది. కాని సొంత భాషలో ఆమె పలికిన మాట విని బదులు చెప్పేవారు లేరు. ఏకరాజ్యంలో 'మనము' తప్ప మరొకటి లేదు. ఆమెకు తన భాషలో 'మనము' అనుటకు రెండవ మనిషి లేడు. 'నేను' అనేది ఒంటరిగా బ్రతకగల పదార్థం కాదనుటకు ఇంతకంటె సాక్ష్యం ఏమి కావలెను?

ఇప్పుడు మన యింటి సంగతి. తెలుగులో జమ్యాతిన్, ఆర్వెల్ రచనల కోవకు చెందిన నవలలు అరుదు. అందుచేత మనకు ఆ భయం లేదని అనుకోరాదు. మన భయానికి చిరునామా వేరు. మనకు గాజు గోడలు, గోపురాలు అవసరం లేదు, 'నలుగురు' ఉన్నారు. నలుగురేమనుకొంటారు, నలుగురూ నడిచే దారి, నలుగురితో నారాయణ. ఆ నలుగురు ఎవరో ఎవరికీ తెలియదు. వారి ముఖం ఎవరూ చూడలేదు. రక్తకరబిలోని రాజువలె వల వెనుకనే ఉంటారు. 1940ల నాటి గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, 1950ల నాటి రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఈ వలలో చిక్కినవారే. సీతారామారావు తనకంటూ ఒక విలువను ఏర్పరచుకొనలేక కూలిపోయినాడు. సుబ్బయ్య ఎదుటివాని చూపులో తనను తాను కొలుచుకొని కుంచించుకొని పోయినాడు. ఏకరాజ్యం చేయవలసిన పనిని ఇక్కడ ఇల్లు, కచేరీ, వీధి కలిసి చేసినవి. కనుక వ్యక్తి అణగారిపోవడమును చిత్రించుటకు భవిష్యత్తును, గ్రహాంతర నౌకను ఊహించితీరవలెనన్న నియమం లేదు. రే బ్రాడ్‌బరీ 1953లో ప్రకటించిన 'ఫారెన్‌హీట్ 451'లో కూడ పుస్తకాలను తగులబెట్టే పని ప్రభుత్వాజ్ఞతో మొదలు కాలేదు. ఎవరి మనసూ నొచ్చుకోరాదని ప్రజలే ముందుగా పుస్తకాలను పలుచన చేసుకొన్నారు. అగ్నిదళం తరువాత వచ్చినది. ఇది మన 'నలుగురి'కి ఎంత దగ్గర బంధువో పాఠకులే గ్రహించగలరు.

ఈ నవలలన్నింటిలో గమనించదగిన సామ్యం మరొకటి ఉన్నది. కథకు ఇరుసు వ్రాత లేక చదువు. డి-503 దినచర్య, విన్‌స్టన్ దినచర్య, హెల్మ్‌హోల్ట్జ్ పద్యం, బ్రాడ్‌బరీ నవలలో తగులబెట్టవలసిన పుస్తకమును దొంగతనంగా తెరచి చూచిన అగ్నిదళ ఉద్యోగి. వ్రాత రచయితకు మాత్రమే సంబంధించిన వ్యసనమైతే ఇందరు ఇట్లా వ్రాయరు. ఒక వాక్యమును పూర్తి చేయబూనినవాడు, కర్త ఎవరని తేల్చుకొనక తప్పదు. చూచినదెవరు? చెప్పుతున్నదెవరు? అక్కడ 'అందరూ' అనే జవాబు పనికిరాదు. మన కాలంలో ఈ ప్రశ్నకు అవసరం తగ్గలేదు. ప్రతివానికి పన్నెండంకెల సంఖ్య ఉన్నది. దాని మూలంగా ఎవరూ అంకెలు కాలేదు. అందరూ వ్రాసినదానిని నూరి సగటు తీసి, అడిగినంత సేపటిలో వాక్యాలు పేర్చి ఇచ్చే యంత్రాలు కూడ వచ్చినవి. ఆ వాక్యాలలో చాలవాటికి తడబాటు లేదు. డి-503 చివరి పుటలకు కూడ లేదు. తన వాక్యం అంత సాఫీగా వస్తున్నపుడు రచయిత ఒకసారి ఆగి, ఇందులో కర్త ఎవరని చూచుకొనడం మంచిది. సభలోని చప్పట్లకోసం, సంఘం మెప్పుకోసం, తీర్మానంకోసం 'మనము' అని వ్రాసేటపుడు మరింత ఆగవలెను. తెలుగుదేశానికి వెలుపల ఉండి వ్రాసేవారికి ఈ హెచ్చరిక ఇంకొక కారణంచేత కూడ వర్తిస్తుంది. దూరాన ఉన్నవారికి 'మన తెలుగు' అనే మాటలో ఎంతో ఆప్యాయత ఉన్నది. ఆ ఆప్యాయత చాటున ఎవరి తెలుగు, ఏ యాస, ఎవరి కథ లోపలికి వచ్చినదో, ఏది గడప బయట నిలిచినదో అడుగుట మరచిపోరాదు.

ఆ సాయంకాలం నేను చదువుట ముగించేసరికి దీపాలు పెట్టినారు. నవల పేరును గురించి నా ఆలోచన చెప్పినాను. 'మేము' అని పెడితే వ్యాకరణం సరిపోతుంది; డి-503 తన దినచర్యను ఇతర గ్రహాలవారికి వ్రాస్తున్నాడు గదా. కాని అట్లా పెడితే పాఠకుడు నిశ్చింతగా బయట నిలబడి, ఎవరో పరాయివారి కథ అనుకొంటాడు. అందుచేత లోపల 'మేము' అనవలసిన చోట్ల అట్లే ఉంచి, పైన 'మనము' అని పెట్టదలచినాను. శస్త్రచికిత్స జరిగిన తరువాత, అతనికి బయటివాడనే భావనయే నశించిన తరువాత, లోపలి 'మేము' కూడ 'మనము' కావలెను. తెలుగులో ఇంతకంటె తీయని మాట లేదు. దుర్లోకాలన్నీ దొంగిలించేది ఆ తీపినే. ఈ వివరణ అంతా అక్కడి మిత్రులకు నచ్చినట్లే ఉన్నది.

పెద్దావిడ చాటను ప్రక్కన పెట్టి, "మనవంటే నన్నూ ఓ మాట అడగాల గదేటి బాబూ?" అన్నది.

ఏకరాజ్యం అడగనిది ఆ ఒక్క మాటనే. నా వ్రాతప్రతిమీద ఇప్పుడు 'మనము' అనే పేరే ఉన్నది. దాని ప్రక్కన ఒక ప్రశ్నార్థకం కూడ ఉన్నది. అచ్చులో దానిని ఉంచమనే నా మనవి.